చెవితో రిపేరు చేసే టిక్కులత్త

పందొమ్మిదో ఏట ఫైరింజను బ్యాటరీ ఎందుకు చచ్చిపోతోందో కనిపెట్టింది టిక్కులత్త. ఆమె సంగతి చెప్పేవాళ్ళెవరైనా అక్కడి నుంచే ఎత్తుకోవాలి.

ఊరంతటికీ అదొక్కటే ఫైరింజను. సాయంత్రం బ్యాటరీ నిండా ఛార్జి ఎక్కించి పెడితే తెల్లారేసరికి చచ్చి ఊరుకునేది. ముగ్గురు మెకానిక్కులు పదకొండు రోజులు దానితో కుస్తీ పట్టారు. ఒకాయన డైనమో మార్చాడు. ఇంకొకాయన బ్యాటరీ మార్చాడు. మూడో ఆయన చేతులెత్తేసి, బండి పుట్టుకే అంత అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పుడు కబురు ఆమె తండ్రికి వచ్చింది. ఆయన పేరున్న ఆటో ఎలక్ట్రీషియను. కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. రెండు రోజులు వెతికినా ఆయనకూ దొరకలేదు. తండ్రి టీ తాగడానికి దిగినప్పుడల్లా పిల్ల క్యాబిన్లో ఒక్కతే కళ్ళు మూసుకుని కూర్చునేది.

మూడో రోజు మధ్యాహ్నం, ఇంజను ఆపి గంటన్నర అయ్యాక, డ్యాష్‌బోర్డు వెనక ఎక్కడో ‘టిక్’ మంది. ఒక్కసారే. అది రిలే పడిన చప్పుడు. రిలే అంటే అగ్గిపెట్టెంత డబ్బీ. లైట్లకూ హారన్లకూ కరెంటు వదిలేదీ ఆపేదీ అదే. ఎవరూ నొక్కకుండా అదెందుకు పడిందని తవ్వుకుంటూ పోతే అసలు విషయం బయటపడింది. వేడెక్కిన రేకు చల్లారి ముడుచుకున్నప్పుడు, తొక్క ఊడిన తీగ ఒకటి దానికి తగులుతోంది. అక్కడి నుంచి రాత్రంతా కరెంటు కారిపోతూనే ఉంటుంది. పొద్దున్నే తోసి స్టార్టు చేసి ఇంజను వేడెక్కిస్తే రేకు మళ్ళీ సాగుతుంది, తీగ విడిపోతుంది. మరి ఇంజను వేడిగా ఉండగా వెతికితే ఎలా దొరుకుతుంది?

“నాన్నా, ఇదిగో ఇక్కడ,” అంది.

తండ్రి వంగి చూశాడు. తన చేతిలోని స్క్రూడ్రైవరు ఆమె చేతిలో పెట్టాడు. ఆయన మెచ్చుకోలు ఎప్పుడూ అంతవరకే. ఫైర్ స్టేషను వాళ్ళు మాత్రం బండి గంట మూడుసార్లు మోగించారు.

ఆ రోజు నుంచి ఆమె టిక్కుల పిల్ల. ముప్పై దాటాక టిక్కులక్క, యాభై దాటాక టిక్కులత్త. ఇంకో పదేళ్ళు పోతే టిక్కులవ్వ అవుతుందని టాక్సీ డ్రైవర్లు ఆమె ముందే పరాచికాలాడేవాళ్ళు. “అప్పటికి మీ బండ్లుంటాయా?” అని ఆమె తిప్పికొట్టేది. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉందంటారు, చూసినవాళ్ళు తక్కువ.

ఆమె చేసిన పనులు చెప్పుకుంటూ పోతే ఒక పూట చాలదు. నలభై నాలుగేళ్ళలో ఆమె చేతి మీదుగా వెళ్ళిన బండి ఒక్కటీ తీగలు కాలి తగలబడలేదు. ఆసుపత్రి అంబులెన్సు సైరను మూగబోతే, డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టేలోగా మోగించి పంపింది. వరదొచ్చిన ఏడు నిలువునా మునిగిన పదిహేడు టాక్సీలను తీగ తీగా విప్పి, ఎండబెట్టి, మళ్ళీ కట్టి, పదిహేడింటినీ రోడ్డెక్కించింది. ఒక పెద్ద వర్క్‌షాపు ఇంజనీరు కంప్యూటరు తగిలించి కూడా తేల్చుకోలేని జబ్బును ఫోన్లో తేల్చింది. “బండి పక్కన ఫోను పెట్టి స్టార్టు చెయ్యి నాయనా,” అంది. విని, “ఎడమ చక్రం వెనక ఎర్తు బోల్టు వదులైంది, బిగించుకో,” అంది. ఆ ఇంజనీరు మర్నాడు పని మానుకుని వచ్చి ఆమెను చూసిపోయాడు. ఆమె దగ్గర పని నేర్చుకున్న నలుగురు నాలుగు వీధుల్లో షాపులు పెట్టుకున్నారు. ఒక్కరూ బోర్డు మీద ఆమె ఊసు రాయలేదు. రాయకపోతేనేం, చిక్కుముడి పడితే వచ్చేది ఆమె దగ్గరికే. ఇవేవీ గాలి కబుర్లు కావు. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ చెవి అంత పదునెక్కడానికి కారణం మాత్రం ఎవరూ అడగలేదు.

బండి లైట్లు పరీక్ష చెయ్యాలంటే ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కాలి, స్విచ్చులు అటూ ఇటూ కదపాలి. ఇంకొకరు వెనక నిలబడి “పడింది, పడలేదు” అని కేకెయ్యాలి. తండ్రి ఉన్నన్నాళ్ళు వెనక ఆయన నిలబడ్డాడు. ఆమె ఇరవయ్యారో ఏట ఆయన పోయాడు. ఆ ముందు ఏడాదే మొగుడు లారీలో లోడు వేసుకుని వెళ్ళాడు. లోడు చేరింది, లారీ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. ఎక్కడో ఇంకో సంసారం పెట్టుకున్నాడని తరవాత తెలిసింది. అడిగినవాళ్ళకు “బండెక్కాడు, దిగలేదు,” అని చెప్పేది. అంతకుమించి ఒక్క ముక్క ఆమె నోటి నుంచి రాబట్టిన మొనగాడు లేడు. తమ్ముడు ఒకడున్నాడు. చదువుకుని, ఎనిమిది గంటల బస్సు ప్రయాణమంత దూరంలో బడి గుమాస్తాగా కుదురుకున్నాడు.

అలా వెనక నిలబడే మనిషి లేకుండా పోయింది. అప్పుడే రిలే మాట వినడం నేర్చుకుంది. నాలుగు ఇండికేటరు దీపాలూ సరిగ్గా ఉంటే రిలే టిక్కు టిక్కుమంటూ నిదానంగా, సంసారపక్షంగా నడుస్తుంది. ఒక బల్బు పోతే గాభరా పడి పరిగెడుతుంది. ఎక్కడో కాంటాక్టు వదులైతే కుంటుతుంది. డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, వెనక ఏ బల్బు ఏ స్థితిలో ఉందో చెప్పేసేది. దిగి వెళ్ళి చూడాల్సిన పని ముప్పై ఏడేళ్ళలో రాలేదు. దిగి చూడడం ఆమె లెక్కలో నామోషీ.

షాపు వెనకే ఒక గది. మంచం, స్టవ్వు, బల్ల, రెండు కుర్చీలు. రెండో కుర్చీ మీద తీగల చుట్టలు ఉంటాయి. అవి ఎప్పుడు అక్కడ పెట్టిందో ఆమెకే గుర్తులేదు, తియ్యాల్సిన అవసరమూ పడలేదు.

రెండేళ్ళ కిందట వీధి చివర కొళాయి చుక్కల చప్పుడు ఆగిపోయింది. ఎవరో పుణ్యాత్ముడు బాగు చేయించాడనుకుంది. ఆ ఏడు వానలు మెత్తగా పడుతున్నాయనుకుంది, షాపు మీద రేకు అసలు మోగడమే లేదు. ఈ కాలం మనుషులకు నోట్లో మాట నోట్లోనే ఉంటుందని విసుక్కునేది. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే తెలుస్తుంది. పక్కకు తిరిగి మాట్లాడితే గోడ మాట్లాడినట్టే.

ఆదివారం ఆదివారం తమ్ముడు ఫోను చేసేవాడు. వాడి గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది. “ఆ, ఆ, సరేరా” అంటూ నెట్టుకొచ్చింది. ఒక ఆదివారం వాడు తన భార్య మెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుందని చెప్పాడట. ఇటు నుంచి “చాలా సంతోషంరా, నేనూ అదే అనుకుంటున్నా,” అని జవాబు వెళ్ళింది. మరదలు మూడు నెలలు అలిగింది. జరిగింది వాడి ఉత్తరం చూశాక అర్థమై, టిక్కులత్తకు తల కొట్టేసినట్టయింది. ఆ పైన ఫోను ఎత్తడమే మానేసింది. అది అల్మారా మీద వెలుగుతూ ఆరుతూ ఉంటే, ఆగేదాకా చూస్తూ కూర్చునేది. అక్కకు ఏదో కోపం వచ్చిందని తమ్ముడు అనుకున్నాడు. పిలిస్తే పలకదని వీధి అనుకుంది. “టిక్కులత్తకు టెక్కు ఎక్కువైంది,” అన్నారు. ఆ మాట మాత్రం ఎలాగో ఆమె దాకా వచ్చింది. అనుకోనీ అని ఊరుకుంది. టెక్కు అనుకున్నా పరవాలేదు, చెవి పోయిందని తెలిస్తే మాత్రం బండి ఎవరు తెస్తారు? రిపేరు చేసేది చేతులైనా, జనం వచ్చేది ఆ చెవిని చూసుకునే కదా. పైగా మనుషుల మాట అందకపోయినా, రిలే టిక్కు మాత్రం నిన్నమొన్నటి దాకా లీలగా అందుతూనే ఉంది.

ఆ సంగతి అలా కప్పిపెట్టుకునే ఉండేదేమో, అక్టోబరు చివరి వారంలో, ఒక సోమవారం పొద్దున్న, నర్సమ్మ కారు రాకపోతే.

నర్సమ్మ రిటైరైన మంత్రసాని. డెబ్భై నాలుగేళ్ళు. కారుకు నలభై మూడేళ్ళు. ముందు ముక్కు పొడుగ్గా, పక్కన గుండ్రంగా ఉండే బూడిద రంగు బండి. ఆ కారేసుకుని వెయ్యిన్నొక్క కాన్పులకు వెళ్ళానని ఆమె చెప్పుకుంటుంది. ఎవరైనా అనుమానంగా చూస్తే, “ఆ ఒక్కడూ కారులోనే పుట్టాడు, కావాలంటే పిలుస్తా,” అంటుంది.

“ఏమే, ఇదుగో నా ముసలిదాన్ని తెచ్చా,” అంటూ దిగింది. “ఇన్‌స్పెక్షనులో తప్పించారు. శుక్రవారంలోగా బాగు చేయించి తేకపోతే రిజిస్ట్రేషను కొట్టేస్తారట. పాత ఇనుముకు పంపుకోమన్నాడు, ఆ కుర్ర ఇన్‌స్పెక్టరు. వాడి తల్లి కాన్పుకు ఈ కారులోనే వెళ్ళాను నేను!”

“దేనికి తప్పించాడక్కా?”

నర్సమ్మ కాగితం చూపించింది. ‘హజార్డ్ లైట్లు: ఫెయిల్’ అని ఉంది. బండి దారిలో ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ ఒక్కసారి కొట్టుకునేలా చేసే ఎర్ర గుండీ ఉంటుందే, దాని సంగతి.

“ఇంతేనా? రేపు తీసుకుపో,” అంది టిక్కులత్త.

డ్రైవరు సీట్లో కూర్చుంది. ఎర్ర గుండీ లాగింది. కళ్ళు మూసుకుంది. చప్పుడు లేదు. ఇంకా కాసేపు చూసింది. “రిలే చచ్చింది,” అని తీర్పు చెప్పి, స్పేర్ పార్ట్స్ కొట్టు నుంచి కొత్తది తెప్పించి పెట్టింది. గుండీ లాగింది. చప్పుడు లేదు. ఇంకోటి తెప్పించింది. అదీ అంతే. మూడోదీ అంతే. మూడుసార్లూ ఆమె ముందుకు తిరిగి కళ్ళు మూసుకునే కూర్చుంది. మూడుసార్లూ ఆమె వెనక దీపాలు చక్కగా వెలుగుతూ ఆరుతూనే ఉన్నాయి. చూసే మనిషి లేడు.

మంగళవారం మధ్యాహ్నం మూడు రిలేలూ సంచిలో వేసుకుని కొట్టు మీదికి దండెత్తింది.

కొట్టాయన అందరినీ బావా అని పిలుస్తాడు. అందుకని ఊరంతా ఆయన్నే బావ అంటారు. టిక్కులత్తను మాత్రం అక్కా అంటాడు, ముప్పై ఏళ్ళ నుంచీ. కౌంటరు ముందు నలుగురు టాక్సీ డ్రైవర్లున్నారు.

“ఏం బావా, ఇంత వయసొచ్చాక చచ్చిన సరుకు అంటగట్టడం మొదలెట్టావా?”

“అయ్యో, ఏమైందక్కా?”

“ఇవిగో. మూడూ శవాలే. ఒక్కదానికీ ప్రాణం లేదు.”

“బావా, అత్త చేతిలో స్పానరుంది, కాస్త వెనక్కి జరుగు,” అన్నాడొక డ్రైవరు.

బావ నవ్వుతూ కౌంటరు మీద బ్యాటరీ పెట్టి, ఒక రిలేకు తీగలు తగిలించి, బల్బు కలిపాడు. బల్బు వెలిగింది, ఆరింది, వెలిగింది.

“బాగానే ఉందిగా అక్కా.”

“బల్బు ఎవరిక్కావాలి? టిక్కు ఏదీ? మూగ రిలేలు పెట్టుకుని నేనేం చేసుకోను?”

డ్రైవర్లు పగలబడి నవ్వారు. అత్త భలే జోకేసిందనుకున్నారు. రిలే అంత గట్టిగా కొట్టుకుంటోంది మరి. వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలియక టిక్కులత్త ఒక్కో మొహమూ చూసింది. బావ నవ్వడం లేదు. ఆమె కళ్ళలోకి ఒక క్షణం చూసి, నడుస్తున్న రిలేను తీగలతో సహా ఎత్తి ఆమె అరచేతిలో పెట్టాడు.

అది కొట్టుకుంటోంది. పట్టుకున్న పిట్ట గుండెలాగ, అరచేతిలో, నిదానంగా, ఏ లోపమూ లేకుండా. చెయ్యికి తెలుస్తోంది. చెవికి ఏమీ లేదు.

మొహంలో రంగు పోయింది.

బావ మెల్లగా రిలే తీసేసుకున్నాడు. డ్రైవర్లకు కూడా తెలిసేలా గొంతు పెంచి, “బ్యాచే బాగాలేదక్కా. తప్పు నాదే. మూడూ వాపసు పెట్టేసుకుంటా,” అన్నాడు.

“అదేంటి బావా, ఇందాక వెలిగిందిగా!” అన్నాడు డ్రైవరు.

“నీకు తెలీదు బావా, ఊరుకో.”

టిక్కులత్త బయటికొచ్చేసింది. తిట్టించుకుని, తప్పు కూడా తన నెత్తినే వేసుకున్నాడు మహానుభావుడు. అంతకంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

షాపుకొచ్చి కారులో పాత రిలేనే మళ్ళీ పెట్టింది. గుండీ లాగి, ముప్పై ఏడేళ్ళ తరవాత మొదటిసారి దిగి వెనక్కెళ్ళి చూసింది. రెండు దీపాలూ కొట్టుకుంటున్నాయి. ముందుకెళ్ళి చూసింది. అవీ కొట్టుకుంటున్నాయి. మరి ఇన్‌స్పెక్టరు ఎందుకు తప్పించాడు? స్విచ్చు వదులై ఉంటుంది. కదిలితే పోతుంది, వదిలేస్తే వస్తుంది. ఇదివరకైతే రిలే కుంటడం విని, కూర్చున్నచోటే పట్టేసేది. ఇప్పుడు గుండీ కదిపేటప్పుడు వెనక చూసే మనిషి కావాలి. వీధిలోకి చూసింది. పిలిస్తే వచ్చేవాళ్ళు పదిమంది ఉన్నారు. పిలిస్తే, ‘నీకెందుకత్తా, నీ చెవి లేదా?’ అంటారు.

గదిలో గోడకున్న అద్దం పీకి, రెండో కుర్చీ మీద తీగల చుట్టలు కింద పడేసి, ఆ కుర్చీ కారు వెనక వేసి, దాని మీద అద్దం నిలబెట్టింది. సీట్లో కూర్చుని, తల వెనక్కి తిప్పి, అద్దంలో చూస్తూ గుండీని చిటికెనవేలితో అటూ ఇటూ అదిమింది. కుడి దీపం ఆరిపోయింది. వదిలితే వెలిగింది. దొంగ దొరికాడు. అద్దంలో దీపంతో పాటు ఆమె మొహం కూడా కనిపించింది. ఒకసారి చూసి, చూపు మళ్ళీ దీపం మీదికి తిప్పేసింది.

బుధవారం పొద్దున్న స్విచ్చు విప్పింది. ఇది ఆషామాషీ పని కాదు. ముందు ఎర్ర గుండీ తిప్పి ఊడదీసింది. దాని చుట్టూ ఉన్న ఉంగరం విప్పింది. స్విచ్చు వెనక ఏడు తీగలు, ఒక్కోదానికీ చీటీ కట్టి అంకె రాసింది. మూత పట్టి ఉంచే రేకు మడతలను గోటితో కొద్ది కొద్దిగా లేపింది. ఒక్కసారిగా లేపితే విరుగుతాయి, విరిగితే ఈ భూమ్మీద ఇంకో మూత లేదు. లోపల గ్రీజు మైనంలా గట్టిపడి ఉంది. రాగి రేకు చిలుం పట్టి పచ్చబడింది. కుడివైపు కాంటాక్టు కింద ప్లాస్టిక్కు ఎప్పుడో వేడికి మెత్తబడి, వెంట్రుకవాసి కుంగింది. ఇన్నేళ్ళలో ఈ గుండీ లాగినవాళ్ళు లేరు. నర్సమ్మ కారు దారిలో ఎప్పుడూ ఆగలేదు మరి. వాడని స్విచ్చు వాడిన స్విచ్చు కంటే ముందు చెడుతుంది, ఆ సంగతి ఆమె నలుగురు శిష్యులకూ చెప్పింది.

స్పిరిటుతో కడిగింది. గరుకు కాగితం సన్నగా చీల్చి రాగి మెరిసేదాకా రుద్దింది. కుంగిన కాంటాక్టును సూదిమొనతో లేపి సమం చేసింది. ఇక స్ప్రింగూ, ఆవగింజ కంటే కాస్త పెద్దవైన రెండు ఉక్కు గుళ్ళూ పెట్టి మూత వెయ్యాలి. గుండీ లాగినప్పుడు ‘టక్’మని ఒకచోట ఆగేది ఆ గుళ్ళ వల్లే. ఒకటి కూర్చుంది. రెండోది పెడుతుండగా స్ప్రింగు ఎగిరింది. గుండు పోయింది.

పడ్డ వస్తువును చెవితో వెతకాలి. గుండు ఎటు దొర్లిందో, రేకుకు తగిలిందా సిమెంటుకు తగిలిందా, అన్నీ చప్పుడే చెబుతుంది. టిక్కులత్తకు గుండు చేతిలోంచి పోవడం కనిపించింది, ఆ పైన ఏమీ లేదు. నేల మీద పడిందో పడలేదో కూడా తెలియదు. కాసేపు అలాగే నిలబడింది, ఇంకా పడుతుందేమో అన్నట్టు.

గుడ్డలో అయస్కాంతం మూటగట్టి, మోకాళ్ళ మీద షాపంతా పాకింది. పందొమ్మిది స్క్రూలు, ఏడు వాషర్లు, ఎవరి బండిదో ఒక తాళంచెవి దొరికాయి. గుండు దొరకలేదు. మధ్యాహ్నం దాటింది. అలా నేల మీద ఉండగానే గుమ్మంలో నీడ పడింది. నిన్నటి డ్రైవరు. ఎదురుగా వచ్చి వంగాడు.

“ఏం వెతుకుతున్నావత్తా? అది సరే గానీ, బావ కొట్లో సరుకు నాసిరకమట కదా. మా స్టాండులో అందరికీ చెప్పేశా. నువ్వే తేల్చావంటే ఇక తిరుగేముంది!”

తప్పు తనదేనన్న మాట ఆమె నోటి దాకా వచ్చింది. మింగేసింది. డ్రైవరు తల ఊపి వెళ్ళిపోయాడు. చెయ్యని తప్పు తన నోటితో ఒప్పుకున్నవాడు ఒకడు. చేసిన తప్పు నోరు మూసుకుని దాచుకున్నది తను. ముప్పై ఏళ్ళ కొట్టు పేరు తన ఒక్క మాట మీద పోతోంది. ‘నువ్వే తేల్చావంటే’ అన్నాడు. తన మాటకు అంత బరువుందని ఇన్నాళ్ళూ గర్వపడింది. ఆ బరువు ఇప్పుడు బావ నెత్తిన పడింది.

లేచి, మూలనున్న పాత సైకిలు పెడలు విప్పింది. దాని బేరింగులోంచి ఒక గుండు తీసి, మిగిలిన గుండు పక్కన పెట్టి, పలక మీద రెండూ దొర్లించి చూసింది. ఒకే కొలత. ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టింది. మూత వేసి, బొటనవేలు గుండీ మీద ఆనించి లాగింది. వేలికి ‘టక్’ తెలిసింది.

గురువారం నర్సమ్మ వచ్చింది.

“అయిందా? మంగళవారం ఇస్తానన్నావు, నీ మాట నమ్మి నేను బస్సుల్లో తిరుగుతున్నా.”

“అయిందక్కా. ఒక పని చెయ్యాలి నువ్వు. ఇన్‌స్పెక్టరు గతుకుల మీద నడిపి చూస్తాడు. నేను నడుపుతా. నువ్వు సందు మధ్యలో నిలబడి నాలుగూ కొట్టుకుంటున్నాయో లేదో చూసి చెప్పాలి.”

నర్సమ్మ ముక్కు మీద వేలేసుకుంది. “నేనా? నీ చెవి ఏం చేస్తోంది?”

“ఏమీ చెయ్యడం లేదు.”

“అంటే?”

“పోయిందక్కా. రెండేళ్ళయింది. నువ్వు కేకేసినా నాకు వినబడదు. వేళ్ళు చూపించు. నాలుగు వెలిగితే నాలుగు, మూడైతే మూడు.”

అంత మాటా ఒక్క ఊపిరిలో అనేసి, నర్సమ్మ మొహం చూడకుండా కారెక్కేసింది.

సందు నిండా గతుకులే. డబడబలాడుతూ కారు వెళ్తోంది. లోపల ఆమెకు అదంతా దూదిలో నడిచినట్టుంది. సందు మధ్యలో నర్సమ్మ నిలబడి, అలవాటు కొద్దీ నోరు బార్లా తెరిచి ఏదో అరుస్తోంది. కారు పక్కనించి దాటిపోయాక గుర్తొచ్చి, చెయ్యెత్తి పరిగెత్తుకొచ్చింది. అద్దంలో నాలుగు వేళ్ళు కనిపించాయి. మళ్ళీ వెనక్కి నడిపింది. నాలుగు. ఇంకోసారి. నాలుగు. మూడోసారికి నర్సమ్మ రెండు చేతులూ ఎత్తి నాలుగూ నాలుగూ ఎనిమిది వేళ్ళు ఆడిస్తోంది. టిక్కులత్త కారాపి, స్టీరింగు మీద తల ఆనించింది.

నర్సమ్మ పక్క సీట్లోకి ఎక్కి, ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

“రెండేళ్ళా? రెండేళ్ళు దాచావా, బుద్ధిలేనిదానా? డాక్టరు దగ్గరికి పోలేదా?”

“ఏం చెప్పుకుని పోను?”

“వినబడటం లేదని చెప్పుకుని పో. చెవుల డాక్టరు దగ్గర అంతకంటే ఏం చెబుతారే? ఫోనిటివ్వు. మీ తమ్ముడుండే ఊళ్ళోనే పెద్దాసుపత్రి ఉంది.”

నర్సమ్మే తమ్ముడికీ, ఆ ఆసుపత్రిలో తనకు తెలిసిన డాక్టరుకూ ఫోను చేసింది. చాలాసేపు మాట్లాడింది. పెట్టేశాక నిదానంగా, పెదవులు తెలిసేలా చెప్పింది: “వాడు ఏడుస్తున్నాడే. అక్క నా మీద కోపంగా ఉందనుకున్నా అంటున్నాడు. డాక్టరేమో ముందు పరీక్షలు అన్నాడు, ఆ పైన ఒక చెవికి ఆపరేషను, రెండో దానికి మిషను పెట్టాలేమో. ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేరు. కొంతైనా వస్తుందట. మీ తమ్ముడు ఆదివారం బస్టాండులో ఉంటానన్నాడు.”

కొంతైనా. ఆ మాట టిక్కులత్త రెండుసార్లు తనలో తనే అనుకుంది.

శుక్రవారం కారు నెగ్గింది. ఇన్‌స్పెక్టరు గుండీ పట్టుకుని పీకినంత పని చేశాడట, ఒక్క దీపమూ తొణకలేదు.

శనివారం ఆమె బావ కొట్టుకెళ్ళింది. ఆ వేళకు జనం లేరు.

“మూడు రిలేలూ మంచివే బావా.”

“తెలుసక్కా. పోనిద్దూ, ఎవరికి గుర్తుంటుంది?”

“స్టాండులో అందరికీ గుర్తుంది. అందరి ముందూ తిట్టాను. నీకొక్కడికి చెబితే సరిపోదు.”

“అక్కా, నీ సంగతి నలుగురికీ తెలిస్తే బండ్లు రావు. నా కొట్టుకేం, నాలుగు రోజులు చూసి మళ్ళీ వస్తారు.”

“రాకపోతే రాకపోనీ,” అంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు గొంతు వణికింది. ఆ వణుకు కూడా ఆమెకు వినబడలేదు, బావకు వినబడింది.

తెల్ల రంగు డబ్బా ఒకటి, బ్రష్షు ఒకటి కొనుక్కుని వచ్చి, షట్టరు దించి, స్టూలెక్కి రాసింది. చేతిరాత గుండ్రంగా, పెద్ద పెద్దగా ఉంటుంది. సగం రాసేసరికి బావ రొప్పుతూ వచ్చి, ఎదురుగా నిలబడి చేతులాడించాడు.

“ఆ పైన రెండు లైన్లు తుడిచెయ్యక్కా!”

“చెయ్యి పెట్టావంటే విరగ్గొడతా. అవతలికి జరుగు, వెలుతురు రావాలి.”

ఆదివారం పొద్దున్న బస్సెక్కింది. పక్క సీటు ఖాళీ. కిటికీలోంచి ఊరు చప్పుడు లేకుండా వెనక్కి జరిగిపోయింది. స్టాండు దగ్గర నలుగురు డ్రైవర్లు బస్సును చూసి ఏదో అరిచారు. ఏమన్నారో తెలియదు. చేతులు మాత్రం ఊపుతున్నారు. ఆమె కూడా ఊపింది.

షట్టరు దించే ఉంది. రంగు అక్కడక్కడా కారింది కానీ అక్షరాలు దూరానికి కూడా కనబడతాయి. టాక్సీలు ఆపి మరీ చదివి పోతున్నారు:

బావ కొట్లో సరుకు మంచిదే.
ఆ రోజు తప్పు నాది.
నా చెవులు పోయాయి, బాగు చేయించుకోవడానికి వెళ్తున్నాను.
చెవి వచ్చినా రాకపోయినా షాపు తెరుస్తాను.
నవంబరు పందొమ్మిది, గురువారం, పొద్దున తొమ్మిది గంటలకు.